మేడమీది మనిషి

2025 ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం, డబ్బా అన్నం తింటూ ఫోన్‌లో వార్తలు చూస్తుంటే ఒకటి కంటపడింది. న్యూయార్క్ ఐలాండర్స్ అనే ఐస్ హాకీ జట్టు తన జనరల్ మేనేజర్ లూ లామొరెల్లో కాంట్రాక్టు ఇక పొడిగించడం లేదట. ఆయన వయసు 82.

మామూలుగా అయితే నాకు సంబంధం లేని వార్త. హాకీ అంటే నాకు చిన్నప్పుడు తెలిసినదల్లా ధ్యాన్‌చంద్ పేరు, జీకే పుస్తకంలో మన జాతీయ క్రీడ ఏది అన్న ప్రశ్న. మంచు మీద కూడా ఆడతారని అమెరికా వచ్చాకే తెలిసింది. కానీ ఈ లామొరెల్లో సంగతి వేరు. పాతికేళ్ళుగా నాకు ఎప్పుడు ఏ కుర్చీ మారినా ఈయన గుర్తొస్తూనే ఉన్నాడు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నేను న్యూజెర్సీలో దిగింది 1999 డిసెంబరులో. వైటూకే బండి ఆఖరి పెట్టె ఎక్కినవాణ్ణన్నమాట. ఎడిసన్‌లో ఒక రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఐదుగురం. నా మొదటి ప్రాజెక్టులో టీమ్ లీడ్ తెలుగాయనే, విజయనగరం వైపు మనిషి. నాకన్నా పదేళ్ళు పెద్ద. మెయిన్‌ఫ్రేమ్ అనే మహారణ్యంలో నా చెయ్యి పట్టుకుని నడిపించాడు. అందుకని అందరూ పేరు పెట్టి పిలుస్తున్నా నేను మాత్రం గురువుగారు అనేవాణ్ణి. ఇప్పటికీ అదే పిలుపు.

2000 ఫిబ్రవరిలో ఆఫీసులో ఎవరో వాడుకోని రెండు టికెట్లు ఇస్తే గురువుగారు నన్ను న్యూజెర్సీ డెవిల్స్ ఆటకి తీసుకెళ్ళాడు. అప్పుడు వాళ్ళ స్టేడియం ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో, మెడోలాండ్స్ అనే బురదనేలల మధ్య ఉండేది. లోపల చలి, బయట చలి. ఎవరు ఎవర్ని గుద్దుతున్నారో, ఆ నల్ల బిళ్ళ ఎటు పోతోందో నాకేమీ అర్థం కాలేదు.

"బిళ్ళని చూడకు బాబూ, బెంచీని చూడు" అన్నాడు గురువుగారు.

చూశాను. గోలీతో కలిపి మంచు మీద ఆరుగురు. మిగతావాళ్ళు బెంచీ మీద. ముప్పావు నిమిషం ఆడేసరికి మనిషి ఊపిరి అయిపోతుంది. ఆట ఆగకుండానే వీళ్ళు గోడ దూకి లోపలికి, వాళ్ళు బయటికి. వెనక సూటు వేసుకుని నిలబడ్డ మనిషి ఒక్కొక్కడి భుజం తట్టి పంపిస్తున్నాడు. ఆయనే కోచ్, రాబీ ఫ్టోరెక్. చెమట వాసన తగిలేంత దగ్గరలో ఉన్నాడు.

"మరి ఆ పైన?" అని అడిగాను. ఎత్తున అద్దాల వెనక కొన్ని గదులున్నాయి.

"అక్కడ లూ ఉంటాడు. వీళ్ళందరి జాతకాలూ ఆయన దగ్గరే" అన్నాడు.

నెల తిరిగింది. మార్చి 23న ఆ లూ, ఆ ఫ్టోరెక్‌ని తీసేశాడు. సీజన్‌లో ఇంకా ఎనిమిది ఆటలే ఉన్నాయి. జట్టు కొన్ని వారాలుగా తడబడుతున్న మాట నిజమే కానీ, ఈస్ట్ విభాగంలో అందరికన్నా పైన ఉంది. సంక్రాంతి నుంచి కాపు కాసిన రైతుని కోత ముందు రోజు చేలోంచి వెళ్ళగొట్టినట్టు అనిపించింది నాకు. ఆఫీసులో కాఫీ మిషన్ దగ్గర అదే చర్చ. నేను ఆవేశంగా, "ఇదేం న్యాయం? పైన కూర్చున్నవాడికి కింద నిలబడ్డవాడి కష్టం ఏం తెలుస్తుంది?" అన్నాను.

గురువుగారు నవ్వాడు. "ఆయనకి తెలియకపోవడమేటి? పదిహేనేళ్ళు అక్కడే నిలబడ్డాడు."

అప్పుడు మొదలుపెట్టాను ఆయన కథ వెతకడం.

లూ లామొరెల్లో రోడ్ ఐలాండ్ రాష్ట్రం ప్రావిడెన్స్‌లో 1942లో పుట్టాడు. అక్కడి ప్రావిడెన్స్ కాలేజీలో చదువుకుంటూ హాకీ, బేస్‌బాల్ రెండూ ఆడాడు. తర్వాత హైస్కూల్లో లెక్కల మాస్టారు. 1968లో తన కాలేజీ జట్టుకే హెడ్ కోచ్ అయ్యాడు. పదిహేను సీజన్లు, 248 గెలుపులు. ఆఖరి ఏడాది, 1983లో, జట్టుని జాతీయ పోటీల్లో చివరి నాలుగింటి దాకా తీసుకెళ్ళాడు. ఆయన దగ్గర ఆడిన బ్రయన్ బర్క్ తర్వాత తనే పెద్ద జనరల్ మేనేజరయ్యాడు.

బెంచీ వెనక ఉండగానే కాలేజీ క్రీడలన్నిటికీ డైరెక్టరయ్యాడు. తూర్పు రాష్ట్రాల కాలేజీలు కొన్ని విడిపోయి హాకీ ఈస్ట్ అనే లీగు పెట్టుకుంటే, దాన్ని కట్టినవాళ్ళలో ఒకడు, దానికి మొదటి కమిషనరు కూడా ఆయనే. ఇవాళ ఆ లీగు గెలిచినవాళ్ళకి ఇచ్చే కప్పు పేరు లామొరెల్లో ట్రోఫీ. 1985లో బాస్కెట్‌బాల్ జట్టుకి రిక్ పిటినో అనే కుర్ర కోచ్‌ని తెచ్చాడు. రెండేళ్ళలో ఆ జట్టు ఫైనల్ ఫోర్ చేరింది. అంటే ఆటగాళ్ళని ఎంచుకునే కన్ను, కోచ్‌లని ఎంచుకునే కన్నుగా మారడం అక్కడే మొదలైందన్నమాట.

1987 ఏప్రిల్లో డెవిల్స్ యజమాని జాన్ మెక్‌మలెన్ ఆయన్ని జట్టు ప్రెసిడెంటుగా పిలిచాడు. పెద్ద లీగులో ఆడినవాడు కాదు, అక్కడ కోచ్‌గా చేసినవాడు కాదు. అయినా కొన్ని నెలల్లో జనరల్ మేనేజర్ పదవి కూడా తనకి తానే ఇచ్చుకున్నాడు! జనరల్ మేనేజరంటే ఎవర్ని కొనాలి, ఎవర్ని వదులుకోవాలి, ఎవరికెంత జీతం, కోచ్ ఎవరు అన్నవన్నీ తేల్చే మనిషి. ఆ జట్టు పరిస్థితి ఎలాంటిదంటే, కాన్సస్ సిటీలో పుట్టి, కొలరాడోలో తిని, 1982లో న్యూజెర్సీ వచ్చి పడింది. 1983లో ఎడ్మంటన్ చేతిలో 13-4తో ఓడిపోతే, వేన్ గ్రెట్స్కీ వీళ్ళది మిక్కీ మౌస్ వ్యవహారం అని ఎగతాళి చేశాడు.

లామొరెల్లో వచ్చిన మొదటి సీజన్‌లోనే, సీజన్ ఆఖరి రాత్రి, అదనపు సమయంలో జాన్ మెక్‌లీన్ కొట్టిన గోలుతో డెవిల్స్ తొలిసారి ప్లేఆఫ్స్‌లోకి వెళ్ళింది. ఆ ప్లేఆఫ్స్‌లోనే ఒక గొడవ జరిగింది. కోచ్ జిమ్ షోన్‌ఫెల్డ్ ఆట అయ్యాక రిఫరీ మీద నోరు పారేసుకున్నాడు. లీగు ఆయన్ని సస్పెండ్ చేసింది. మా కోచ్ మాట వినకుండా శిక్ష ఎలా వేస్తారని లామొరెల్లో కోర్టుకెక్కి స్టే తెచ్చాడు. అందుకు నిరసనగా రిఫరీలు ఆట ఆడించమని కూర్చున్నారు. 1988 మే 8న, గంటకి పైగా ఆలస్యంగా, పసుపు చొక్కాలు తొడిగిన స్థానిక ఔత్సాహికులతో ఆ ఆట నడిపించారు. తన కోచ్ కోసం లీగునే కోర్టుకి లాగిన మనిషి! ఆ తర్వాత ఏడాదిన్నరకి అదే షోన్‌ఫెల్డ్‌ని తీసేసింది కూడా ఆయనే.

ఇది చదివినప్పుడు నాకు మతిపోయింది. ప్రేమా ఉంది, కత్తీ ఉంది. రెండూ ఒకే చేతిలో.

మిగతాది చరిత్ర. 1989లో సోవియట్ దిగ్గజం ఫెటిసోవ్‌ని మాస్కో నుంచి రప్పించాడు. 1990 డ్రాఫ్ట్‌లో తనకున్న 11వ ఎంపికని కాల్గరీకి ఇచ్చేసి 20కి దిగి, అక్కడ మార్టిన్ బ్రొడూర్ అనే గోలీని పట్టుకున్నాడు. కాల్గరీ ఆ 11లో ఇంకో గోలీని తీసుకుంది. బ్రొడూరేమో లీగు చరిత్రలోనే ఎక్కువ ఆటలు గెలిచిన గోలీ అయ్యాడు. 1995లో జాక్ లమేర్ కోచ్‌గా, హేమాహేమీల డెట్రాయిట్‌ని నాలుగుకి నాలుగూ ఓడించి స్టాన్లీ కప్పు గెలిచారు. ఊరేగింపుకి నగరం లేదు కాబట్టి స్టేడియం పార్కింగ్ స్థలంలోనే సంబరం! నిబంధనలు మాత్రం హాస్టల్ వార్డెన్‌వి. గడ్డం పనికిరాదు, జుట్టు పెరగకూడదు. లెక్కల మాస్టారు ఎక్కడికీ పోలేదు.

సరే, 2000 సంగతి. ఫ్టోరెక్ స్థానంలోకి అసిస్టెంటుగా ఉన్న లారీ రాబిన్సన్ వచ్చాడు. ఫిలడెల్ఫియా మీద 3-1తో వెనకబడి, వరసగా మూడు గెలిచి, ఫైనల్లో డాలస్‌ని ఓడించి జూన్‌లో కప్పు పట్టుకెళ్ళారు. కాఫీ మిషన్ దగ్గర నా నోరు పడిపోయింది. "చూశావా, లూ రైటు" అన్నారందరూ. గురువుగారు మాత్రం, "రైటో రాంగో కాదు బాబూ. ఆ మాట చెప్పడానికి ఆ గదిలోకి నడిచెళ్ళాడు కదా, అది చూడు" అన్నాడు. అప్పుడు నాకు ఆ మాట ఎక్కలేదు.

ఆ రాబిన్సన్‌ని కూడా రెండేళ్ళకి తీసేశాడు. విచిత్రమేమంటే, తీసేసినవాళ్ళు మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. రాబిన్సన్ అసిస్టెంటుగా తిరిగొచ్చాడు, 2005లో మళ్ళీ హెడ్ కోచ్ కూడా అయ్యాడు. ఫ్టోరెక్ ఆల్బనీలో డెవిల్స్ వాళ్ళ చిన్న జట్టుకి కోచ్‌గా వచ్చాడు. తీసేసినవాడి గుమ్మం మళ్ళీ తొక్కాలంటే, తీసేసినప్పుడు ఏదో మర్యాద మిగిలే ఉండాలి.

2005 డిసెంబరులో రాబిన్సన్ ఒత్తిడి తట్టుకోలేక, తలనొప్పులతో రాజీనామా చేశాడు. అప్పుడు లామొరెల్లో మేడ దిగాడు. 63 ఏళ్ళ వయసులో తనే బెంచీ వెనక నిలబడ్డాడు. సీజన్ చివర జట్టు వరసగా 11 ఆటలు గెలిచి డివిజన్ టాపులో నిలిచింది.

2007 ఏప్రిల్లో ఇంకో వింత. క్లోడ్ జూలియెన్ కోచ్. జట్టు 102 పాయింట్లతో డివిజన్‌లో మొదటి స్థానంలో ఉంది. ఇంకా మూడే ఆటలు. ఆయన్నీ తీసేసి మళ్ళీ తనే దిగాడు. ప్లేఆఫ్స్‌కి ఉండాల్సిన మానసిక సిద్ధత కనిపించడం లేదన్నాడు. ఈసారి మాత్రం పాచిక పారలేదు. రెండో రౌండులో ఆటవా చేతిలో ఓడిపోయారు, బెంచీ వెనక ఆయన నిలబడి ఉండగానే. జూలియెన్ బోస్టన్ వెళ్ళి 2011లో స్టాన్లీ కప్పు గెలిచాడు.

అప్పటికి నేను కూడా లీడ్ నుంచి మేనేజరయ్యాను. గురువుగారికి ఆ మెట్లు ఎక్కడం మీద ఆసక్తి లేదు. ఎన్నిసార్లు అడిగినా, "నాకు కోడే బాగుంటుంది" అనేవాడు. మధ్యలో నేను కంపెనీ మారాను. కొన్నేళ్ళకి ఆయన్నీ నా దగ్గరికే లాక్కున్నాను. కాయితం మీద ఆయన నా కింద పనిచేస్తున్నట్టు. నిజంగా కష్టమొస్తే పరిగెత్తేది మాత్రం నేనే, ఆయన టేబుల్ దగ్గరికి.

2023 జనవరిలో ఒక సోమవారం నాకొక ఎక్సెల్ షీటు వచ్చింది. నా విభాగంలో ఏడుగురు పోవాలి. పేర్లు నేనే ఇవ్వాలి. మెయిన్‌ఫ్రేమ్ పనిని క్లౌడ్‌కి తరలించడం దాదాపు పూర్తయింది. ఆ లెక్కన చూస్తే ఎవరి పేరు ముందుంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఆయనకి 58. నేను మూడు రాత్రులు ఆ షీటుని అటూ ఇటూ తిప్పాను. ఆయన పేరు తీసి పిల్లలున్న కుర్రాడి పేరు పెట్టాను. ఆ కుర్రాడు హెచ్‌వన్ మీద ఉన్నాడు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి దొరకాలి, లేదా సామాన్లు సర్దుకోవాలి. మళ్ళీ మార్చాను. గురువారం రాత్రి గురువుగారి పేరుతోనే పంపాను. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు.

తప్పు ఆ తర్వాత జరిగింది. చెప్పే పని హెచ్ఆర్ వాళ్ళు చూసుకుంటారు, మీరు కాల్‌లో ఉండక్కర్లేదు అన్నారు. ఉండకూడదు అనలేదు, గమనించండి. ఉండక్కర్లేదు అన్నారు. ఆ ఒక్క ముక్క నాకు గొడుగులా దొరికింది. మంగళవారం పొద్దున పది గంటలకి, ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి ఏడు నిమిషాల్లో ఆయనకి కబురు చెప్పింది. పదీ పదిహేనుకి ఆయన లాప్‌టాప్ పనిచేయడం మానేసింది. ఆ టైములో నేను ఇంట్లో, పైగదిలో, తలుపేసుకుని కూర్చున్నాను. ఫోన్ తిరగేసి బల్ల మీద పెట్టాను.

ఆ శనివారం తెనాలికి ఫోన్ చేసినప్పుడు నాన్నకి చెప్పాను. నాన్న కూడా లెక్కల మాస్టారే. హెడ్‌మాస్టరయి రిటైరయ్యాడు. హెడ్‌మాస్టరయ్యాక కూడా పదో తరగతికి ఒక పీరియడ్ వదలకుండా చెప్పేవాడు. సుద్దముక్క పట్టుకోకపోతే ఆ కుర్చీ నెత్తికెక్కుతుందిరా అనేవాడు. అంతా విని ఒక్కటే అడిగాడు.

"నువ్వు చెప్పావా, చెప్పించావా?"

"అక్కడ పద్ధతులు వేరు నాన్నా" అన్నాను.

"ఊఁ" అని అమ్మకి ఫోన్ ఇచ్చేశాడు.

అప్పుడెక్కింది నాకు, 2000లో గురువుగారన్న మాట. లామొరెల్లో ఎన్నోసార్లు తప్పటడుగు వేశాడు. జూలియెన్ విషయంలో తొందరపడ్డాడు. 2010లో కొవల్‌చుక్‌కి పదిహేడేళ్ళ కాంట్రాక్టు ఇస్తే, జీతపు పరిమితి నుంచి తప్పించుకునే ఎత్తు ఇది అని లీగు కొట్టేసింది. మూడు మిలియన్ డాలర్ల జరిమానా కూడా వేసింది. 2015లో డెవిల్స్‌ని వదిలి టొరంటో, 2018లో ఐలాండర్స్. మళ్ళీ కప్పు రాలేదు. ఆయన్ని మహాత్ముణ్ణి చెయ్యాలని కాదు నా ఉద్దేశం. కానీ కోచ్‌ని తీసేసిన రెండుసార్లూ ఆయన దాక్కోలేదు. ఒకసారి వచ్చిన మంచికీ, ఇంకోసారి వచ్చిన చెడుకీ అందరికీ కనబడేచోటే ఉన్నాడు. రెండోసారయితే తీసేసినవాడి స్థానంలో తనే నిలబడి, తనే ఓడిపోయాడు. కోచ్‌గా మొదలైన మనిషికి ఆ దారి గుర్తుంటుంది. నేనూ టీములో కోడ్ రాస్తూ మొదలైనవాణ్ణే. నాకెందుకు గుర్తులేకపోయింది?

నెల తర్వాత గురువుగారింటికి వెళ్ళాను. తలుపు అక్క తీసింది. ఆయన భార్యని నేను మొదట్నుంచీ అక్కా అనే పిలుస్తాను. ఎప్పటిలాగే కాఫీ ఇచ్చింది, ఎప్పటిలా కూర్చోలేదు. గురువుగారు పెరట్లో మంచు తీసి వచ్చి, బూట్లు విప్పుకుంటూ, తలెత్తకుండా అన్నాడు.

"లిస్టులో పేరు పెట్టినందుకు నాకేటీ లేదు బాబూ. నేనైనా అదే పెడుదును. కానీ ఆ కాల్‌లో నీ మొహం కోసం ఎతికాను."

నేను హెచ్ఆర్ గురించి ఏదో మొదలుపెట్టాను. ఆయన వినలేదు. కాఫీ చల్లారిపోతోందన్నాడు.

ఆ తర్వాత ఇంకోసారి, నిరుడు, నా విభాగంలో ఇద్దరిని తీయాల్సొచ్చింది. ఇద్దరికీ నేనే చెప్పాను, ఎదురుగా కూర్చుని. ఒకావిడ ఏడ్చింది. ఒకాయన నన్ను నానా మాటలూ అన్నాడు. బయటికొచ్చి కార్లో అరగంట కూర్చున్నాను, తాళం తిప్పబుద్ధి కాలేదు. దానివల్ల వాళ్ళకి ఒరిగిందేమీ లేదు, ఉద్యోగాలు తిరిగి రాలేదు. గురువుగారికి చెయ్యాల్సింది వాళ్ళకి చేసి తీర్చుకున్నాననీ అనుకోను. అలా తీరే బాకీ కాదది.

ఆయనిప్పుడు ఇంట్లోంచే చిన్న చిన్న కన్సల్టింగ్ పనులు చేసుకుంటున్నాడు. పండగలకి పిలుస్తాడు, వెళ్తాను. అక్క మళ్ళీ కూర్చుని మాట్లాడుతోంది. ఆ విషయం మాత్రం మళ్ళీ రాలేదు.

ఏప్రిల్లో ఆ వార్త చూడగానే గురువుగారికి వాట్సాప్‌లో పంపాను. "మన లూని కూడా పంపించేశారు" అని ఒక ముక్క రాశాను. చాలాసేపు జవాబు లేదు. సాయంత్రం టర్న్‌పైక్ మీద ట్రాఫిక్‌లో ఉండగా ఫోన్ మోగింది. ఇంటికొచ్చి, కారు ఆపి చూశాను.

"82 ఏళ్ళ మనిషి. ఆ మాట ఆయనకి ఎవరు చెప్పారో?" అని ఉంది.

గరాజ్‌లో లైటు ఆరిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత లోపలికి వెళ్ళకుండా, కారు వెనక్కి తీసి, వాళ్ళింటికి బయల్దేరాను.